మూడేళ్ల టీచరమ్మ

అవనిగడ్డలో ఏ వీధిలోకి తిరిగినా డీఎస్సీకి చదివే పిల్లలే కనబడతారు. శ్రీకాకుళం నుంచి, కర్నూలు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి గదులు అద్దెకు తీసుకుని, మెస్సుల్లో తింటూ, తెల్లవారుజామునే లేచి సైకాలజీ, మెథడాలజీ వల్లె వేస్తుంటారు. దివిసీమ అనగానే బయటివాళ్లకి ఉప్పెన గుర్తొస్తుంది. బి.ఇడి. చేసినవాళ్లకి మాత్రం కోచింగు గుర్తొస్తుంది. పంతులుద్యోగం కోసం ఇంతమంది ఇంత కష్టపడే నేల మీద, ఒక లెక్కల టీచరు విదేశపు బళ్లో పాఠాలు చెప్పడానికి వెళ్తానంటే సొంతవాళ్లే మొహం చిట్లించడం నాకు బాధగా అనిపించింది. ఆమె అత్తవారి ఊరు గుడివాడలో, కొడుక్కి అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగమైతే అడగనివాళ్లకి కూడా చెప్పుకుంటారు. కోడలు అక్కడ బళ్లో టీచరంటే, "దానికోసం అంత దూరం దేనికి?" అంటారు.

ఇక్కడ మాట్లాడే ఇద్దరూ మేనమామ, మేనకోడలు. ఆయన దివిసీమ జెడ్పీ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై బందరులో ఉంటున్నారు. టీచర్ల సంఘంలో చాలాకాలం పనిచేసిన మనిషి. అవనిగడ్డలో డీఎస్సీ పిల్లలకి పాఠాలు చెప్తుంటారు. ఆమె ఆయన దగ్గరే పదో తరగతి చదివింది. గుడివాడలో ప్రైవేటు బళ్లో చెప్పింది, మాల్దీవుల్లో ఒక దీవి బళ్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చింది. ఇప్పుడు అమెరికాలో నార్త్ కరోలినా నుంచి పిలుపు వచ్చింది. నేను ఆమె పక్షం. అయినా ఆయన అడిగినవాటిలో ఒక ప్రశ్నకి నా దగ్గర కూడా జవాబు లేదు. అందుకే ఇద్దరి మాటలూ కత్తిరించకుండా రాస్తున్నాను.

మామయ్య: కాగితాలు చదివానమ్మా. మూడేళ్లు, వాళ్లకి కావాలంటే ఇంకో రెండేళ్లు. ఆ తర్వాత ఏంటి?

మేనకోడలు: తిరిగి రావాలి మామయ్యా. జె-1 వీసా పద్ధతే అది. డిగ్రీ ఉండాలి, కనీసం రెండేళ్లు బళ్లో చెప్పి ఉండాలి, వాళ్ల విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సరు ఉండాలి. గడువు అయ్యాక మళ్లీ టీచరుగా అదే వీసా మీద వెళ్లాలంటే రెండేళ్లు ఆ దేశం బయట ఉండి తీరాలి.

మామయ్య: అంటే పిల్లల పేర్లు నీ నోటికొచ్చి, తల్లిదండ్రులు నీ మొహం గుర్తుపట్టేసరికి పొమ్మంటారన్నమాట. కోడూరులో నాకు వేటకి పోయే ఇళ్ల పిల్లలు ఏ నెలల్లో బడికి రారో, రొయ్యల చెరువు కాపలాకి ఏ తండ్రి ఏ కొడుకుని పంపుతాడో, పెళ్లి మాటలు మొదలైన ఆడపిల్ల క్లాసులో ఎలా కూర్చుంటుందో తెలియడానికి మూడేళ్లు పట్టింది. ఒక పిల్ల అన్నని తిట్టకుండా చెల్లెలికి లెక్కలు చెప్పాలంటే ఆ ఇంటి సంగతి తెలియాలి. ఇవేవీ మెథడాలజీ పుస్తకంలో ఉండవు. నాకు చదువు చెప్పడం వచ్చింది ఆ మూడేళ్ల తర్వాతే. నిన్ను వాళ్లు సరిగ్గా అక్కడికి రాగానే పంపించేస్తారు.

మేనకోడలు: మీకు మూడేళ్లు పట్టింది మండలం పెద్దది కాబట్టి. నేను పనిచేసిన దీవి చుట్టూ అరగంటలో నడిచి రావచ్చు. పొద్దున క్లాసులో చూసిన పిల్లే సాయంత్రం దుకాణంలో కనబడుతుంది, శుక్రవారం సెలవునాడు జెట్టీ మీద కనబడుతుంది. తండ్రులు కొందరు ట్యూనా వేటకి పోతారు. ఇంకొందరు రిసార్టుల్లో పనిచేస్తూ వారాల తరబడి ఇంటికి రారు. ఇల్లంతా తల్లి చేతుల మీదే నడుస్తుంది. నాగాయలంక వైపు పెరిగినదాన్ని, ఇది నాకు కొత్తా చెప్పండి?

మామయ్య: బెస్త ఇల్లు ఎక్కడైనా ఒకటే అంటావు.

మేనకోడలు: ఒకటే అనను. భాష వేరు, మతం వేరు, తిండి వేరు. కూరగాయలు పడవ వస్తేనే దొరికేవి. వాన నీళ్లు ట్యాంకుల్లో పట్టుకుని తాగేవాళ్లు. కానీ సముద్రం పక్కనున్న పిల్లకి ఎలా చెప్పాలో నాకు ముందే తెలుసు. ఒక్క సంగతి చెప్తాను వినండి. అక్కడ వాళ్ల భాష దివెహి, ఇస్లాం తప్ప మిగతా చదువంతా ఇంగ్లీషు మీడియం. పదో తరగతికి కేంబ్రిడ్జి ఓ లెవెల్ పరీక్ష. ప్రశ్నపత్రం ఇంగ్లండులో తయారవుతుంది. ఆ సిలబస్సులో స్కేలు గీతలు, నిష్పత్తులు ఉంటాయి. నేను బోర్డు మీద వాళ్ల దేశం ఎత్తు గీశాను. సముద్ర మట్టానికి పైన సగటున ఒకటిన్నర మీటరు. దేశం మొత్తంలో సహజంగా ఎత్తయిన చోటు కూడా రెండున్నర మీటర్లు ఉండదు. దాని పక్కనే అదే స్కేలుతో 1977 నవంబరు 19న మన దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన గీశాను. ఐదారు మీటర్లు. మా అమ్మమ్మ చెప్పిన కబుర్లు చెప్పాను. సొర్లగొంది, హంసలదీవి పేర్లు బోర్డు మీద రాశాను. లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా పోయారని చెప్పాను. 2004 సునామీ నాటికి వాళ్లు పుట్టలేదు, కానీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పుకుంటారు. మర్నాడు సగం మంది ఇంటి దగ్గర అడిగి తెలుసుకుని వచ్చారు. నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయో టేపు పెట్టి కొలుచుకొచ్చారు మామయ్యా. ఆ వారమంతా వాళ్లే లెక్కలు తయారుచేశారు, నేను చెయ్యలేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన పుస్తకంలో ఆ లెక్క లేదు. మాలె నగరం నుంచి వచ్చిన టీచరైనా దాన్ని అలా చెప్పేది కాదు. దివిసీమ మనిషి కాబట్టి చెప్పింది.

మామయ్య: అది మంచి పాఠం. నేను హెచ్చెమ్‌గా ఉన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ రోజున అలాంటి పాఠం చూసి ఉంటే రిజిస్టరులో రెండు పేజీలు రాసేవాణ్ణి. కానీ నేను నీ పాఠాన్ని కాదనడం లేదమ్మా. నిన్ను పెట్టుకునే పద్ధతిని కాదంటున్నాను. నేను 398 టీచరుని, నీకు తెలుసు.

(ఈ మాట చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు. ఎనభైలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకి 398 రూపాయల గౌరవ వేతనం మీద స్పెషల్ టీచర్లను వేసింది. ఆ తరంవాళ్లు ఇప్పటికీ తమని తాము 398 టీచర్లమనే చెప్పుకుంటారు. స్కేలు వచ్చాక కూడా ఆ సర్వీసుకి ఇంక్రిమెంట్ల కోసం ఏళ్ల తరబడి సంఘాల ద్వారా పోరాడారు.)

మామయ్య: పక్క గదిలో అదే పాఠం చెప్పే ఆయనకి పూర్తి స్కేలు. నాకు 398. అప్పుడే అర్థమైంది నాకు. టీచర్లు చాలకపోతే ప్రభుత్వానికి రెండు దార్లుంటాయి. ఒకటి, జీతం పెంచి, పోస్టులు తీసి, ఈ ఉద్యోగం మీద కుర్రకారుకి మనసు పుట్టించడం. రెండోది, గత్యంతరం లేనివాణ్ణి వెతికి తక్కువ షరతుల మీద తెచ్చుకోవడం. తర్వాత విద్యా వాలంటీర్లూ అదే దారిలో వచ్చారు. అమెరికా వాళ్లదీ రెండో దారే. వాళ్ల పిల్లలు టీచరు ఉద్యోగం వద్దంటున్నారు, ఉన్నవాళ్లు మధ్యలో మానేస్తున్నారు. ఎందుకు మానేస్తున్నారో సరిచెయ్యకుండా ఫిలిప్పీన్స్ నుంచి, మన దగ్గర నుంచి మూడేళ్లకొకరిని తెచ్చి ఆ ఖాళీలో నిలబెడతారు. నువ్వు వెళ్లినంత కాలం వాళ్లకి ఆ ఖాళీ కనబడదు.

మేనకోడలు: విద్యా వాలంటీర్లని ఎప్పుడైనా తప్పుపట్టారా మీరు?

మామయ్య: ఎప్పుడూ లేదు. వాళ్ల తరఫున ధర్నాలో కూర్చున్నాను.

మేనకోడలు: మరి నన్నెందుకు తప్పుపడతారు? పైగా నాది 398 ఉద్యోగం కాదు. అక్కడి టీచరుకి ఏ జీతమో జె-1 టీచరుకీ దానికి తగ్గకుండా ఇవ్వాలన్నది వాళ్ల రూలు. అర్హతను బట్టి, అనుభవాన్ని బట్టి వాళ్ల స్కేలులోనే నా మెట్టు ఎక్కడో రాసిచ్చారు, కాగితంలో మూడో పేజీ చూడండి. గుడివాడలో నాకు పదిహేను వేలిచ్చి, ఎండాకాలం రెండు నెలలూ అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పారు. ఏది 398 ఉద్యోగమో మీరే చెప్పండి.

మామయ్య: ప్రైవేటు బళ్ల సంగతి వదిలెయ్. డీఎస్సీ ఉంది కదా.

మేనకోడలు: ఉంది. 2018లో ఒకటి, మళ్లీ 2025 ఏప్రిల్లో ఒకటి. ఆ నడిమధ్య ఏడేళ్లు ఏం చెయ్యాలి? 16,347 పోస్టులన్నారు. లెక్కలు స్కూల్ అసిస్టెంటుకి సెలవు పెట్టి వచ్చి మరీ రాశాను, కొద్దిలో పోయింది. అవనిగడ్డలో మీ దగ్గర చదివిన పిల్లల్లో ఎంతమందికి వచ్చింది, ఎంతమంది మళ్లీ ఊరికి పోయారు? ఆ పోయినవాళ్లలో మంచి టీచర్లు లేరంటారా? ఇక్కడ తరగతి గది దొరకనివాళ్లకి, టీచరు దొరకని తరగతి గది ఇంకోచోట ఉంది. వెళ్లొద్దంటే ఎలాగ?

ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. టీచరు తయారీకి పేరుపడ్డ నేల తయారైనవాళ్లని కూర్చోబెట్టే చోటు చూపలేకపోతోందన్నది ఆయనకి తెలియంది కాదు. తర్వాత ఆయన మాట మార్చలేదు గానీ దారి మార్చారు. ఆఫ్రికా సంగతి తీశారు.

మామయ్య: ఇది మీ తరంతో మొదలు కాలేదు. హైలీ సెలాసీ కాలంలో ఇథియోపియా బళ్ల నిండా మనదేశపు టీచర్లే, ముఖ్యంగా కేరళ వాళ్లు. 1976లో నైజీరియా అందరికీ ప్రాథమిక విద్య అన్నప్పుడు చమురు డబ్బుతో బయటి దేశాల నుంచి టీచర్లని పిలిచారు. మన వైపు నుంచి వెళ్లినవాళ్లున్నారు. నాకు తెలిసిన ఒకాయన వెళ్లి గుడివాడలో డాబా కట్టాడు. చమురు ధర పడింది, 1986లో నైరా విలువ తెగ్గోశారు. ఆయన జీతం అంకె మారలేదు. ఇంటికి పంపితే మాత్రం ఏమీ మిగిలేది కాదు. నీకు మాల్దీవుల్లో ఏమైంది? రుఫియాలో జీతం, బ్యాంకులో డాలర్లు లేవు, నెలకి ఇంతే పంపుకోవాలని కట్టడి. మీ ఆయన ఇక్కడ అప్పు కిస్తీకి వెతుక్కోలేదా?

మేనకోడలు: వెతుక్కున్నారు. దాచను. ఆ కట్టడి పెట్టినప్పుడు దీవిలో మన టీచర్లందరం ఏడుపు మొహాలతో తిరిగాం. కానీ మీరు చెప్పిన ఇథియోపియా కథలో ఇంకో సగం ఉంది. ఆ దేశంలో ఒక తరం చదువుకున్నవాళ్లు తమకి లెక్కలు చెప్పిన ఇండియా టీచరుని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ మాట మనవాళ్లు ఎవరైనా అడిస్ అబాబా వెళ్తే వినొస్తారు. నైరా పడిపోతే ఆ పిల్లలు నేర్చుకున్న లెక్కలు పడిపోలేదు.

మామయ్య: పిల్లల పక్షాన నిలబడి మాట్లాడుతున్నావు, మంచిదే. నేను టీచరు పక్షాన అడుగుతాను. లూసియానాలో ఫిలిప్పీన్స్ టీచర్ల కేసు చదివావా?

మేనకోడలు: చదివాను. మూడొందల యాభై మందికి పైగా. ఒక్కొక్కరి దగ్గర ఏజెంట్లు సుమారు 16 వేల డాలర్లు గుంజారు. అప్పు చేసి కట్టారు. వచ్చాక జీతంలో వాటా కూడా ఇమ్మన్నారు. ఎదురు మాట్లాడితే వీసా పోతుందని బెదిరించారు. 2012లో జ్యూరీ ఆ ఏజెన్సీ వాళ్లు 45 లక్షల డాలర్లు కట్టాలంది.

మామయ్య: మేరీలాండ్‌లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీ?

మేనకోడలు: అదీ తెలుసు. యజమాని భరించాల్సిన వీసా ఖర్చులు టీచర్ల చేత కట్టించారు. 2011లో వెయ్యి మందికి పైగా టీచర్లకి 42 లక్షల డాలర్లు తిరిగి ఇప్పించింది వాళ్ల కార్మిక శాఖ. దాంతో పాటు ఆ కౌంటీ రెండేళ్లు విదేశీ టీచర్లని పిలవకుండా ఆ శాఖే నిషేధం పెట్టింది. దానివల్ల వీసా పొడిగింపు లేక చాలామంది ఉద్యోగాలే పోయాయి. న్యాయం జరిగీ నష్టపోయారు.

మామయ్య: అదే నేను చెప్పేది! తప్పు చేసింది ఒకరు, సూట్‌కేసు సర్దుకున్నది ఇంకొకరు. వీసా మీద ఆధారపడిన ఉద్యోగంలో టీచరు నోరు విప్పలేరు. నేను హెచ్చెమ్‌తో వాదించాను, డీఈవో ఆఫీసు ముందు కూర్చున్నాను, ఎవడూ నన్ను దేశం విడిచి పొమ్మనలేదు. టీచరు వెన్ను నిటారుగా ఉండాలంటే ఉద్యోగం స్థిరంగా ఉండాలి.

మేనకోడలు: ఆ లూసియానా టీచర్లు నోరు విప్పారు కాబట్టే కేసు గెలిచారు. అక్కడి టీచర్ల సంఘం వాళ్ల వెనక నిలబడింది. మీరు సంఘం మనిషి, ఈ మాట మీరే నాకు చెప్పాల్సింది. నేను అడగాల్సినవి అడిగాను. స్పాన్సరు ఫీజు ఎంత, అది ఎవరు కడతారు, మధ్యలో మానేస్తే నా మీద జరిమానా ఏమైనా ఉందా అని రాతపూర్వకంగా అడిగాను. హైదరాబాదులో ఒక ఏజెంటు "సీటు ఖాయం చేస్తాను, ముందు డబ్బు కట్టండి" అన్నాడు. కట్టలేదు. ఈ అవకాశం ఆలస్యమైంది అందుకే.

మామయ్య: పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా.

మేనకోడలు: మాల్దీవులప్పుడే మీరు చెప్పారు, అలాగే చేశాను.

మామయ్య: పేపర్లో చూశాను, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు. ఏ స్కూల్ డిస్ట్రిక్టు కడుతుంది అంత? అంటే జె-1 అయ్యాక అక్కడే ఉండిపోయే దారి మూసుకుపోయినట్టే. లేని ఆశ పెట్టుకుని వెళ్లకు.

మేనకోడలు: ఉండిపోవాలని వెళ్లడం లేదు. మా కొలీగ్ ఒకావిడ, కెమిస్ట్రీ, ఇంగ్లండుకి ప్రయత్నం చేస్తోంది. 2023 నుంచి మన లెక్కలు, సైన్సు టీచర్ల అర్హత వాళ్లు గుర్తిస్తున్నారు, అక్కడ స్థిరపడే వీలుంది. నాకు అది వద్దు. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిన ప్రయాణం నాది.

మామయ్య: అదే నన్ను బాధిస్తోంది. నోబుల్ కాలేజీ గోడ పక్క నుంచి రోజూ నడుస్తాను నేను. రాబర్ట్ నోబుల్ 1841లో ఈ ఊరొచ్చాడు. రాగానే బడి తెరవలేదు. రెండేళ్లు తెలుగు నేర్చుకుని 1843లో తెరిచాడు. 1864 నవంబరు ఒకటో తారీకు రాత్రి తుఫాను, ముప్పై వేల మంది పోయారంటారు. ఆ మర్నాడైనా ఓడెక్కి ఇంటికి పోవచ్చు. పోలేదు. మరుసటి ఏడు, 1865లో ఇక్కడే పోయాడు. ఇరవై నాలుగేళ్లు! పరాయి దేశంలో పంతులు అంటే అది.

మేనకోడలు: ఆయన దేనికొచ్చాడో కూడా చెప్పండి. మతం ఇవ్వడానికొచ్చాడు. ఆ బడి పెట్టిందే ఊళ్లో పై వర్గాల పిల్లల కోసం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకుంటే ఊరు గగ్గోలెత్తి పిల్లల్ని మాన్పించింది. తన దగ్గరున్నదే సత్యమని నమ్మి వచ్చినవాడికి ఇరవై నాలుగేళ్లూ చాలవు. నేను లెక్కలు చెప్పడానికి మాత్రమే వెళ్తున్నాను.

మామయ్య: అయినా ఆ కాలేజీలోంచే కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి వచ్చారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యులు. ఆ చదువు చదివి, ఆ చదువు చాలదని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. తనతో విభేదించగల శిష్యులు రావాలంటే బడికి అంత వేరు దిగాలి.

మేనకోడలు: మీరే జాతీయ కళాశాల పేరెత్తారు కాబట్టి అడుగుతాను. అక్కడ బొమ్మలు నేర్పిందెవరు? ప్రమోద కుమార్ చటర్జీ. బెంగాలీ. జీవితాంతం బందరులో ఉన్నాడా? లేడు. ఉన్న కొద్ది ఏళ్లలోనే అడవి బాపిరాజు గారికి కుంచె పట్టడం నేర్పి వెళ్లాడు. ఆ బాపిరాజు గారే తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. నోబుల్ ఇరవై నాలుగేళ్లున్నాడు, చటర్జీ కొన్నేళ్లున్నాడు. ఆంధ్ర చిత్రకళకి ఎవరు ఎక్కువ ఇచ్చారు?

మామయ్య: ఊఁ.

మేనకోడలు: ఊఁ అంటే కుదరదు మామయ్యా.

మామయ్య: సరే, ఒప్పుకుంటున్నాను. ఎన్నేళ్లున్నావన్నది కాదు, నువ్వు లేచి వచ్చేసిన కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది చూడాలి. చటర్జీ కుర్చీలో ఆయన శిష్యుడు కూర్చున్నాడు. నీ మాల్దీవుల కుర్చీలో ఎవరున్నారు? కేరళ నుంచి ఇంకొకళ్లా?

మేనకోడలు: ఆ దీవి అమ్మాయే. నేను చేరినప్పుడు పదో తరగతి. ఓ లెవెల్ తర్వాత రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చునేది. మాలె వెళ్లి మాల్దీవుల నేషనల్ యూనివర్సిటీలో టీచింగు చదివింది. నా కాంట్రాక్టు అయిపోయేసరికి తిరిగొచ్చింది. ఆఖరి టర్ము ఇద్దరం ఒకే క్లాసు కలిసి చెప్పాం. దివెహిలో ఆమె ఒక్క మాటతో విప్పే చిక్కు నేను ఇంగ్లీషులో పది నిమిషాలు విప్పేదాన్ని. నా కొలువు పోయినందుకు నాకు సంతోషమేసిన రోజు అదొక్కటే.

మామయ్య: ఈ సంగతి ఇంతకు ముందు చెప్పలేదే.

మేనకోడలు: మీరు రుఫియాల గురించే అడిగేవారు.

మామయ్య: మరి నార్త్ కరోలినాలో? అది చిన్న దీవి కాదు, డబ్బు లేని దేశం కాదు. యూనివర్సిటీలు లేవా, చదువుకున్న పిల్లలు లేరా? నువ్వు ఎవరికి కుర్చీ ఇచ్చి వస్తావు? నీ మూడేళ్లయ్యాక ఇంకో ఫిలిపినో, ఇంకో తెలుగమ్మాయి. వాళ్ల తర్వాత ఇంకొకరు. అక్కడ ఒక పిల్ల ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా లెక్కలు ముగ్గురు పరదేశీల దగ్గర చదువుతుంది, ఒక్కరూ ఆ ఊళ్లో నిలవరు. ఆ పిల్ల, పెద్దయ్యాక టీచరు కావాలని ఎందుకనుకుంటుంది?

నా దగ్గర జవాబు లేదన్నది ఈ ప్రశ్నకే. బయటి నుంచి తాత్కాలికంగా వచ్చే టీచరు ఆ పిల్లకి మేలు చెయ్యగలదు. ఆ పిల్లల బడికి, ఆ ఊరికి అది మేలో కాదో చెప్పడం కష్టం. జీతం పెంచితే, క్లాసులో పిల్లల సంఖ్య తగ్గిస్తే వాళ్ల కుర్రకారే ఈ ఉద్యోగానికి వస్తారని మామయ్య నమ్మకం. నేనూ అదే నమ్ముతాను. ఆయన మేనకోడలు కూడా కాదనలేదు. ఆమె మాట వేరే చోట నుంచి వచ్చింది.

మేనకోడలు: ఆ పిల్ల ఎందుకనుకుంటుందో నాకు తెలియదు. కానీ ఈ ఆగస్టులో ఆ పిల్ల క్లాసులో లెక్కల టీచరు లేదు. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ చెప్పారు, గతేడాది సగం సంవత్సరం రోజుకొక బదులు టీచరు వచ్చి కాగితాలు పంచి కూర్చుందట. వాళ్ల ప్రభుత్వం ఎప్పుడో సరిచేస్తుంది, చెయ్యదు, అది వాళ్ల ఓటు. ఏడో తరగతి పిల్లకి ఏడో తరగతి ఒక్కసారే వస్తుంది మామయ్యా. మీరు ధర్నాలో కూర్చున్న రోజున కూడా సాయంత్రం వచ్చి పదో తరగతికి స్పెషల్ క్లాసు తీసుకున్నారు. నేనా క్లాసులో ఉన్నాను.

మామయ్య: అది వేరు.

మేనకోడలు: వేరేం కాదు. ఇంకో సంగతి. అక్కడ ఒకటి నేర్చుకోవాలనుంది నాకు. వాళ్లకి 1975 నుంచి చట్టం ఉంది. అంగవైకల్యం ఉన్న పిల్లయినా, చదవడంలో చిక్కున్న పిల్లయినా, ఆ ఒక్క పిల్ల కోసం విడిగా ప్రణాళిక రాసి తల్లిదండ్రులతో కూర్చుని సంతకాలు చెయ్యాలి. ఐఈపీ అంటారు. రాసినట్టు చెయ్యకపోతే తల్లి నిలదీయవచ్చు. మన దగ్గర మండలానికో భవిత కేంద్రం ఉంది, కానీ మామూలు క్లాసులో అలాంటి పిల్ల ఆఖరి బెంచీలో నిశ్శబ్దంగా పదో తరగతి దాకా వచ్చేస్తుంది. గుడివాడలో నా క్లాసులోనే ఇద్దరుండేవాళ్లు. వాళ్లకి ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. అది చేతులతో చేసి నేర్చుకుని రావాలి.

మామయ్య: వచ్చి ఎక్కడ చేస్తావు? నీకు ఇక్కడ క్లాసేది?

మేనకోడలు: 2025 డీఎస్సీకి వయసు నలభై నాలుగు దాకా పెంచారు, అదే ఉంచితే అప్పటికి నాకింకా దాటదు. నోటిఫికేషన్ వస్తే రాస్తాను. రాకపోతే అవనిగడ్డలో మీ పిల్లలకి చెప్తాను. రేపు టీచర్లయ్యేది వాళ్లే కదా. సైకాలజీ పేపరులో ఆ పాఠం నాలుగు బిట్లకోసం బట్టీపడుతున్నారు. చేసి చూసినవాళ్లు చెప్తే వేరుగా ఉంటుంది.

మామయ్య: అది నాకు నచ్చింది. కానీ ఇంకో ప్రశ్న ఉంది, ఇది టీచరుగా కాదు, మేనమామగా. నీ కొడుకు సంగతి. మాల్దీవులప్పుడు వాణ్ణి గుడివాడలో నాన్నమ్మ దగ్గర వదిలావు. నువ్వు ఎవరి పిల్లలకో భిన్నాలు చెప్తుంటే వాడు ఎక్కాలు నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నాడు. నేనప్పుడేమీ అనలేదు. ఇప్పుడు వెంట తీసుకెళ్తున్నావు, బాగుంది. ఎనిమిదేళ్లవాడు. అయిదేళ్లు అక్కడ చదివి పదమూడేళ్లకి తిరిగొస్తాడు. ఎనిమిదో తరగతి. తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. క్లాసులో అప్పుడు వాడే పరదేశీ.

మేనకోడలు: ... అవును. రాత్రిళ్లు నేను ఆలోచించేది కూడా దీని గురించే. అక్కడ ఆదివారాలు మనబడి ఉంటుందంటున్నారు. 2007 నుంచి నడుపుతున్నారట, మనవాళ్లే స్వచ్ఛందంగా చెప్తారు.

మామయ్య: వాళ్లు చేసేది మంచి పని. కానీ అక్కడ పుట్టిన పిల్లల కోసం అది. తిరిగొచ్చి జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి తెలుగు పరీక్ష రాయాల్సిన వాడికి వారానికో పూట ఎలా సరిపోతుంది? ఛందస్సు ఎవరు చెప్తారు? గుణింతం తప్పులు ఎవరు దిద్దుతారు?

మేనకోడలు: మీరు దిద్దండి.

మామయ్య: నేనా? ఫోనులోనా? చేతిరాత చూడకుండా చదువేంటమ్మా!

మేనకోడలు: కెమెరా కింద నోటు పుస్తకం పెట్టిస్తాను. మీరు ఎర్ర సిరాతో దిద్దలేరు గానీ, ఏ అక్షరం తప్పో చెప్తే వాడే దిద్దుకుంటాడు. మన టెక్స్టు పుస్తకాలు మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పట్టుకెళ్తున్నాను. మీకు ఆదివారం పొద్దున్న ఆరింటికి, వాడికి శనివారం రాత్రి ఎనిమిదిన్నర.

మామయ్య: ఆరింటికి నేను లేచే ఉంటాను. వాడు రాత్రి అన్నం తిని నిద్రమత్తుతో కూర్చుంటే కుదరదు. ముందే తినిపించకు. క్లాసయ్యాక పెట్టు. వారం వారం పది వాక్యాలు సొంతంగా రాసుకు రావాలి, చూచిరాత కాదు. అక్కడ వాడి క్లాసులో ఆ వారం ఏం జరిగిందో తెలుగులో రాయాలి. అవి నేను చదువుతాను.

మేనకోడలు: అయితే వెళ్లమంటున్నారా?

మామయ్య: అనడం లేదు. కాంట్రాక్టు మూడో పేజీలో జీతం మెట్టు రాశారు గానీ, నీ అనుభవంలో మాల్దీవుల ఏళ్లు లెక్కలోకి తీసుకున్నారో లేదో రాయలేదు. 398 టీచరుకి సర్వీసు లెక్క తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. సంతకం పెట్టకముందు ఆ ముక్క రాయించుకో. నేను ఇంగ్లీషులో డ్రాఫ్టు రాసిస్తాను, రేపు పంపు.